పింగాణీ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి

మా ఊళ్లో ఎవరినైనా దారి అడిగితే లేనివాటి గుర్తులు చెప్తారు. పింగాణీ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి తిరుగు, పాత స్కూలు దాటాక రెండో సందు, సినిమా హాలుకి ఎదురుగా అంటారు. ఫ్యాక్టరీ కూల్చేసి ఎన్నేళ్లయిందో, స్కూలు తగలబడి ఎన్నేళ్లయిందో చెప్పేవాడికే సరిగ్గా తెలియదు. సినిమా హాలు ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుకుంటారు. మా ఊరంటే నేను పుట్టిన ఊరు కాదు. ఒహాయో నది ఒడ్డున, కొండకీ నీళ్లకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. నా కాపురమంతా అక్కడే గడిచింది. ప్రస్తుతం అక్కడికి చాలా దూరాన, ప్లేనో అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను గానీ, గుడిలో ఎవరైనా "మీదే ఊరండీ" అని అడిగితే గుంటూరు అని నోటికి రాదు. ఆ ఊరి పేరే వస్తుంది. వాళ్లు మొహం వెర్రిగా పెడతారు. పెట్టుకోనీ.

మా ఆయనకైతే ఆ ఊరంటే పిచ్చి. జబ్బుపడ్డ ఆయన్ని ఆ ఊళ్లోంచి కదపకుండా ఉంచాలని నేను పడ్డ పాట్ల గురించే చెప్పబోతున్నాను.

ఆయన డాక్టరు. అప్పట్లో అక్కడి డాక్టర్లు రామని మొండికేసిన ఊళ్లకి మనవాళ్లని పిలిచేవారు. అలా కొండమీది ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. మేం దిగిన మర్నాడు పాలు కొనుక్కురావాలని పక్కింటి ముసలావిణ్ణి దుకాణం ఎక్కడని అడిగాను. ఆవిడ ఎంతో ప్రేమగా, చేతులు తిప్పుతూ దారి చెప్పింది. ఐసు ఫ్యాక్టరీ దగ్గర తిరగమంది, గుర్రాల సాల పక్కనుంచి వెళ్లమంది. నేను ఆ చలిలో చీర కుచ్చిళ్లు పట్టుకుని ఊరంతా తిరిగాను. ఐసు ఫ్యాక్టరీ లేదు, గుర్రాలు లేవు, పాలూ లేవు. ఇంటికొచ్చి ఒంటికాలిమీద లేచాను. ఈ ఊళ్లో మనుషులకి నన్ను చూస్తే ఎకసెక్కంగా ఉందని ఏడ్చాను. మా ఆయన పొలమారేంత నవ్వి, ఆవిడ నిన్ను ఏడిపించడానికి చెప్పలేదే, ఆవిడ కళ్లకి అవన్నీ ఇంకా ఉన్నాయి అన్నారు.

ఆ రోజునుంచే అనుకుంటాను, ఆయనకి ఆ ఊరి చరిత్ర పట్టుకుంది. పేషెంటు నాడి చూస్తూ, మీ తాత ఏం పని చేసేవాడు, మీ ఇల్లు ముందు ఎవరిది అని అడిగేవారు. అందరూ చెప్పేవాళ్లు. అడిగేవాడు దొరికితే ముసలివాళ్లు ఊరుకుంటారా. కొండలో మంచి బంకమట్టి ఉందిట, ఆ పక్కనే బొగ్గు ఉందిట, సరుకు తీసుకెళ్లడానికి నది ఉంది. అందుకని ఎవరో వచ్చి కప్పులూ సాసర్లూ చేసే ఫ్యాక్టరీ పెట్టారు. నీళ్లకి దగ్గరగా ఫ్రంట్ స్ట్రీట్‌లో పనివాళ్ల ఇళ్లు, మెట్టమీద దొరల ఇళ్లు, ఇంకా పైన ఆసుపత్రి, దాని వెనక స్మశానం. మనిషి బతుకంతా ఒక ఎక్కుడు రోడ్డుమీదే ఉందోయ్ అని ఆయన జోకు. అదే జోకు వచ్చిన ప్రతివాళ్లకీ వేసేవారు.

నేను గోంగూర వెయ్యడానికి పెరడు తవ్వితే కప్పు చెవులు దొరికేవి. తవ్వినచోటల్లా తెల్లటి పెంకులే. ఫ్యాక్టరీలో పగిలిన సరుకంతా ఊరి పల్లాల్లో పోసి, దానిమీద మట్టి కప్పి ఇళ్లు కట్టారట. నేను వేళ్లు కోసుకుని తిట్టుకుంటుంటే ఆయన ఆ పెంకుల్ని కడిగి కిటికీలో వరసగా పెట్టేవారు.

నది ఒడ్డున ఉన్నామన్న మాటేగానీ నది కనపడేది కాదు. మేం రావడానికి చాలా ముందు ఓ పెద్ద వరద వచ్చి ఊరు మునిగింది. ఎంతవరకూ మునిగిందో బ్యాంకు గోడమీద గీత గీసి ఉంది, మనిషి చెయ్యెత్తినా అందదు. ఆ తర్వాత గవర్నమెంటువాళ్లు ఊరికీ నదికీ మధ్య కాంక్రీటు గోడ కట్టారు. ఆ గోడ మీదుగా పాత ఇనప వంతెన అవతలి రాష్ట్రానికి వెళ్లేది. నది చూడాలంటే వంతెన ఎక్కాలి. ఆదివారం కొలంబస్ నుంచి తెలుగువాళ్లెవరైనా పిల్లాజెల్లాతో వస్తే, ఇడ్లీ తిన్నవాళ్లని తిన్నట్టే కారెక్కించి ఊరు చూపించేవారు మా ఆయన. బ్యాంకు గోడ గీత, ఫ్యాక్టరీ పొగగొట్టం, వంతెన. పిల్లలు వెనకసీట్లో నిద్రపోయేవాళ్లు. "అంకుల్ మళ్లీ గీత చూపిస్తారా" అని ఒక పిల్ల మా గుమ్మంలోనే భోరుమంది. నాకు నవ్వాగలేదు.

తర్వాత అన్నీ ఒక్కొక్కటే పోయాయి. ఫ్యాక్టరీ మూశారు, పొగగొట్టం పడగొట్టారు. మెయిన్ స్ట్రీట్‌లో పెద్ద బట్టల కొట్టు పోయింది. పాత వంతెన తుప్పుపట్టిందని చెప్పి, ఎగువన కొత్తది కట్టి, పాతదాన్ని మందుగుండు పెట్టి పేల్చేశారు. ఊరంతా మడతకుర్చీలు, ఫ్లాస్కులు పట్టుకుని కొండమీదికి వెళ్లి చూసింది. మేమూ వెళ్లాం. వంతెన నడుం విరిగినట్టు కూలబడితే మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. మీ మేనత్త పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదండీ అని దెప్పాను. కొత్త వంతెన కార్లన్నీ ఊళ్లోకి రాకుండానే హైవే ఎక్కి వెళ్లిపోతాయి. చివరికి ఆసుపత్రికి వచ్చింది వంతు. మొదట కాన్పుల వార్డు ఎత్తేశారు, తర్వాత ఆపరేషన్లు, ఆ తర్వాత తాళమే వేశారు. అప్పటికి ఆయన రిటైరయ్యారు. తాళం వేసిన రోజు అన్నం తినలేదు.

ఊళ్లో ఉన్నవాళ్లంతా పోయినవాటి గురించి ఉన్నట్టే మాట్లాడతారని చెప్పాను కదా. ఆ అలవాటే మా కొంప ముంచింది. మా ఆయన చొక్కా కొనుక్కోవాలి, బట్టల కొట్టుకి వెళ్లొస్తా అంటే నేను నవ్వాను. క్షౌరశాలలో కూర్చుని, ఈ వేళ వంతెనమీద రద్దీగా ఉంది అంటే అక్కడి ముసలాళ్లు తలలూపి, శుక్రవారం ఎప్పుడూ అంతే డాక్టర్ అన్నారట. వాళ్లకది సరదా. ఇంకే ఊళ్లోనైనా అయితే ఎవరో ఒకరు ఉలిక్కిపడి చూసేవారు. మా ఊళ్లో అదే మర్యాద, అదే మాటతీరు. ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి? ఆయన బుర్ర కొంచెం కొంచెంగా వెనక్కి నడిచి పోతుంటే ఊరంతా పక్కన కబుర్లు చెబుతూ సాగనంపింది.

ఒక మధ్యాహ్నం పోలీసాయన ఫోన్ చేశాడు. ఫ్రంట్ స్ట్రీట్ చివర, పాత వంతెన ఎక్కే చోట, వరదగోడకి ఎదురుగా మీవారు కారులో ఉన్నారు, ఒకసారి వస్తారా అన్నాడు. వెళ్లాను. కారు ఇంజన్ నడుస్తూనే ఉంది. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆ పోలీసాయన సిగ్గుపడుతూ చెప్పాడు, మొదట తనకేమీ తేడా తెలియలేదట. ఇద్దరూ చాలాసేపు పాత వంతెన కబుర్లే చెప్పుకున్నారట. దాని ఇనప చట్రంమీద టైర్లు ఎలా పాట పాడేవో, వానాకాలం ఎలా జారేదో. మా ఆయన కూడా నవ్వుతూ మాట్లాడారట. ఆ తర్వాత గడియారం చూసుకుని, ఆఫీసర్, ఈ కార్ల లైను ఎప్పుడు కదులుతుంది, అవతల గట్టుమీద నా పేషెంటు ఆయాసంతో ఉంది, నేను వెళ్లకపోతే కష్టం అన్నారట. ఆ పేషెంటు మాకు తెలుసు. ఆవిడ పోయి చాలాకాలమైంది. అంత్యక్రియలకి మేమిద్దరం వెళ్లాం.

నేను కారులో పక్కన కూర్చున్నాను. ఆయన నావైపు తిరిగి, ఇవాళ మరీ ఆలస్యమయ్యేలా ఉందోయ్ అన్నారు. అవునండీ, ఇవాళ్టికి వెనక్కి పోదాం అన్నాను. మాట వినేశారు. అంత తేలిగ్గా వినడం చూస్తే ఇంకా భయమేసింది.

స్పెషలిస్టు దగ్గరికి గంటలకొద్దీ డ్రైవ్ చేసుకుని వెళ్లాం. గడియారం బొమ్మ గీయమంటే గీయలేకపోయారు. మీ ఊరెక్కడుంది అంటే మాత్రం నదితో మొదలుపెట్టి బంకమట్టిదాకా అనర్గళంగా చెప్పారు. ఆ డాక్టరమ్మాయి పెన్ను పక్కన పెట్టి వింది. జబ్బు పేరు చెప్పినప్పుడు మా ఆయన తలవంచుకుని విన్నారు. డాక్టరు కదా, ఆ దారి ఎక్కడికి పోతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి ప్లేనో నుంచి విమానంలో దిగింది. ఇల్లు పెద్దదనీ, కింద బెడ్‌రూమ్ ఖాళీగా ఉందనీ, పది నిమిషాల్లో ఆసుపత్రి, మతిమరుపువాళ్లని చూసుకునే మెమరీ కేర్ అన్నీ ఉన్నాయనీ చెప్పింది. "అమ్మా, నువ్వు ఒక్కదానివే మేనేజ్ చేయలేవు. ప్లీజ్. బీ ప్రాక్టికల్" అంది. దానికి తెలుగులో కోపం రాదు, బతిమాలడమే వస్తుంది. నేను ఒప్పుకోలేదు. దాని మాటలో తప్పుందని కాదు. అంతకు ముందురోజు వసారాలో కూర్చుని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పూట బుర్ర తేటగా ఉంది. "నాకు అన్నీ పోతాయే. నీ పేరు కూడా పోతుంది. ఈ ఊరొక్కటీ ఆఖర్న పోతుంది. అందాకా నన్నిక్కడే ఉండనీ" అన్నారు. మనిషి అలా అడిగాక ప్రాక్టికల్ ఏమిటి, నా మొహం.

ఉన్నాం. కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. ఆయన నడిచి వెళ్లేవారు. నేను పోస్టాఫీసావిడకీ, పెట్రోలు బంకు కుర్రాడికీ, చర్చిలో పాస్టర్‌గారికీ చెప్పి ఉంచాను. నిజానికి చెప్పక్కర్లేకపోయింది, ఊరందరికీ తెలిసిపోయింది. ఆయన ఎక్కడ ఆగిపోయినా ఎవరో ఒకరు వచ్చి, ఏం డాక్టర్, ఎటు అని పలకరించి, ఆయన చెప్పే లేని సందుల గుండానే కబుర్లాడుతూ ఇంటికి తెచ్చి దిగబెట్టేవారు. ఒక్కరు కూడా, ఫ్యాక్టరీ లేదు కదా డాక్టర్ అని అనలేదు. మా కొంప ముంచిన ఆ అలవాటే ఆ ఏడాది మమ్మల్ని కాపాడింది. నేను ఆ ఊరివాళ్లని అంతకాలం ఎంత తిట్టుకున్నానో, అంత ప్రేమించాను.

చలికాలం చివర్లో, పొద్దున్నే వసారా మెట్లు దిగుతూ మంచుమీద జారిపడ్డారు. తుంటి విరిగింది. అంబులెన్సు వచ్చింది. నన్ను ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చోమన్నారు. కొండ దిగి, ఫ్రంట్ స్ట్రీట్ పట్టి, రైలు పట్టాలు దాటాం. వెల్లకిలా పడుకున్న ఆయనకి బయట ఏమీ కనపడదు. కానీ పట్టాల కుదుపు వంటికి తెలిసినట్టుంది. ఇక్కడ పింగాణీ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి తిరగాలి, ఆసుపత్రి పైనుంది అన్నారు. బండి తిన్నగా పోయింది. ఆయన మళ్లీ అన్నారు, దాటేశావు, ఎడమకి, ఎడమకి. గొంతు పెరిగింది. నేను వెనక్కి తిరిగి, దగ్గరికి వచ్చేశాం అని అబద్ధమాడాను. ఆ డ్రైవరు మధ్యవయసు మనిషి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "తెలుసు డాక్టర్. నేను పుట్టింది అక్కడే" అన్నాడు. తిన్నగానే నడిపాడు. ఏం చేస్తాడు పాపం, పైన తాళం వేసిన భవనం తప్ప ఏముంది? ఆసుపత్రి చేరేసరికి గంటకి పైనే పట్టింది. దారంతా ఆయన మూలుగుతూ, మధ్యమధ్య వెనక్కి తిప్పమంటూనే ఉన్నారు.

నేను ఎంత మొండిదాన్నైనా ఆ గంట ప్రయాణం నన్ను ఓడించింది. ఇంకోసారి పడితే, గుండె పట్టేస్తే, ఆ గంట దాటుతారా? ఆయన జీవితమంతా ధారపోసిన ఆసుపత్రే తలుపులు మూసుకున్నాక, నేను మాత్రం ఆయన్ని ఎక్కడ పెట్టుకుని కాపాడను? మా అమ్మాయికి నేనే ఫోన్ చేసి, టికెట్లు బుక్ చెయ్యమ్మా అన్నాను. అది అవతల ఏడ్చింది. వచ్చేముందు ఆయన పింగాణీ పెంకులు కొన్ని సూట్‌కేసులో సర్దాను. ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఆ ఊళ్లో ఇళ్లు కొనేవాళ్లు లేరు, ఇంకా అలానే ఉంది. మొన్న పక్కింటి వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు చెప్పింది, పిజ్జా తెచ్చే పిల్లాడికి వాళ్లు దారి చెప్పేటప్పుడు, డాక్టర్‌గారి ఇంటి దగ్గర కుడికి తిరుగు అంటున్నారట.

ప్లేనోకి వంక పెట్టడానికేం లేదు. వెడల్పాటి రోడ్లు, ఒక్కలాంటి ఇళ్లు, కర్రకి కట్టిన లేత చెట్లు. మామిడికాయలు దొరుకుతాయి, గుడి కూడా దగ్గరే. సాయంత్రం అయ్యేసరికి పిల్లల దగ్గరికొచ్చిన తల్లిదండ్రులు షూస్ వేసుకుని, స్వెటర్లు తొడుక్కుని గుంపులుగా నడుస్తారు. కానీ ఇక్కడ ఏదీ కూలిపోలేదు. గుర్తు పెట్టుకోవడానికి పోయినది ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో బ్యాంకు మేనేజరుగా చేసిన ఒకాయన, మర్యాదకే లెండి, పార్కుకి ఎటు వెళ్లాలి సార్ అని మా ఆయన్ని అడిగాడు. పింగాణీ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి అన్నారు ఈయన. ఆయన పాపం ఫోన్ తీసి మ్యాప్‌లో వెతికాడు. తర్వాత నావైపు జాలిగా చూశాడు. ఆ చూపు నాకు ఒళ్లు మండించింది. మా ఊళ్లో అయితే, అవును డాక్టర్, ఎడమకే అనేవాళ్లు. ఇక్కడ ఆ మాట అనడానికి నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రోజూ నేనే అంటాను. మా అమ్మాయి, నాన్నని కన్ఫ్యూజ్ చేయకమ్మా అంటుంది. నేను వినను.

పోయిన వారం సాయంత్రం ఇద్దరం చెరువు పక్కన బెంచీమీద కూర్చున్నాం. చెరువంటే ఇక్కడ ఇళ్ల మధ్య తవ్వి ఫౌంటెన్ పెట్టిన నీళ్లు. ఆయన వాకర్ పక్కన పెట్టుకుని నీళ్లవైపు చూస్తున్నారు. నేను శాలువా సరిచేశాను. ఆయన కొంచెం పక్కకి జరిగి, పరాయి ఆడవాళ్లతో ఆసుపత్రిలో మాట్లాడే గొంతుతో, "ఎవరికోసమైనా చూస్తున్నారా అండీ? దారి తప్పారా?" అని అడిగారు.

ఏదో ఒక రోజు ఇది వస్తుందని ఆయనే చెప్పారు. చెప్తే మాత్రం? అవునండీ, తప్పాను అన్నాను.

ఆయన మొహం వెలిగింది. దారి చెప్పడమంటే ఆయనకి ఎప్పుడూ ఇష్టమే. చెయ్యెత్తి గాలిలో చూపిస్తూ, మెల్లగా, ఒక్క తడబాటు లేకుండా చెప్పారు. "పాత వంతెన దిగాక ఫ్రంట్ స్ట్రీట్ మీద తిన్నగా వెళ్లండి. రైలు పట్టాలకి ఇవతలే, చర్చి పక్కనుంచి పైకెక్కండి. ఆకుపచ్చ వసారా ఉన్న ఇల్లు మాది. మా ఆవిడ ఉంటుంది. కాస్త నోటి దురుసు మనిషి, పట్టించుకోకండి, కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది. నేను వంతెన దగ్గర ఆగిపోయానని చెప్పండి. కంగారుపడుతూ ఉంటుంది. లైను కదలగానే వచ్చేస్తానని చెప్పండి."

"చెప్తానండీ" అన్నాను.

ఆయనకి నమ్మకం కుదరలేదు. నా మొహంలోకి చూసి, "మీకెప్పుడైనా ఒంట్లో బాగుండకపోతే ఆసుపత్రి కూడా దగ్గరే. దారి తెలుసా?" అన్నారు.

"తెలుసండీ. పింగాణీ ఫ్యాక్టరీ దగ్గర ఎడమకి."

"అంతే" అన్నారు ఆయన.